యాక్సెస్ టేబుళ్ళు మార్చండి, ఫారాల జోలికి పోకండి

నేను చూసినంతలో వైజాగ్ పోర్టు చుట్టుపక్కల క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో, గాజువాక ఆటోనగర్ షెడ్లలో చాలాచోట్ల రోజువారీ పని ఇంకా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం మీదే నడుస్తోంది. కొందరి దగ్గర అలాంటిదే ఇంకో ప్రోగ్రాం, ఫాక్స్‌ప్రో కూడా ఉంది. ఫాక్స్‌ప్రో వాళ్ళకి చెప్పేది ఒకటే, ఇంక ఆగకుండా దాన్నుంచి బయటపడండి. విజువల్ ఫాక్స్‌ప్రో 9 తర్వాత కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది, 2015 జనవరితో సపోర్టు కూడా ఆగిపోయింది.

యాక్సెస్ సంగతి వేరు. దాన్ని మొత్తం పీకి పారేసి కొత్త వెబ్ సాఫ్ట్‌వేర్ కొనమని ఓనర్లకి చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మీటింగులో ఓనరు గారు, అకౌంటెంటు, సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి ఉంటారు. ఏళ్ళ తరబడి ఆ ఫారంలో ఎంట్రీలు కొడుతున్న ఆవిడ మాత్రం బయట తన సీట్లో ఉంటారు. రిమార్క్స్ కాలమ్‌లో ఏ పొట్టి అక్షరానికి ఏం అర్థమో, ఏ పార్టీ పేరు రెండు స్పెల్లింగులతో పడిందో, ఆ రెండిట్లో ఏది కలిపేయాలో, ఏది కలపకూడదో ఆవిడకే తెలుసు. ఆవిడని పిలవకుండా తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం లేదు.

యాక్సెస్‌లో ఉన్నవి రెండు: ఒకటి డేటా దాచే టేబుళ్ళు, రెండోది మనుషులు పనిచేసే ఫారాలు, రిపోర్టులు. ఇబ్బందంతా టేబుళ్ళతోనే. ఒక ఫైలు 2 జీబీ దాటకూడదు. నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ఫైల్లో నలుగురూ రాస్తున్నప్పుడు కరెంటు పోయిందా, ఫైలు కరప్ట్ అయినా అవ్వచ్చు. పాడైన ఫైలుని బాగుచేయడానికి యాక్సెస్‌లో ఉండే కంపాక్ట్ అండ్ రిపేర్ ప్రతిసారీ కాపాడదు. అందుకని టేబుళ్ళని విడిగా సర్వర్ మీద నడిచే డేటాబేస్‌కి, అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కో పోస్ట్‌గ్రెస్‌కో మార్చి, ఓడీబీసీతో (యాక్సెస్‌ని బయటి డేటాబేస్‌కి కలిపే దారి) లింక్ చేసి, ఫారాలు ఉన్నవి ఉన్నట్టు ఉంచండి. సోమవారం పొద్దున్న స్టాఫ్ వచ్చేసరికి స్క్రీను అదే, పని అదే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కైతే మైక్రోసాఫ్ట్ వాళ్ళ మైగ్రేషన్ అసిస్టెంట్ ఉచితంగా దొరుకుతుంది.

రెండిట్లో ఏది? డేటాబేస్ చూసుకునే మనిషి సొంతంగా ఉంటే పోస్ట్‌గ్రెస్. లైసెన్సు ఖర్చు లేదు, ఎడిషన్‌ని బట్టి సైజు పరిమితులూ లేవు. లేకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎడిషన్ ఎక్స్‌ప్రెస్. 2022 వెర్షన్ వరకు డేటాబేస్‌కి 10 జీబీ పరిమితి ఉంది, చిన్న ఆఫీసుకి అది చాలు. కాకపోతే ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (టైముకి పనులు తనంతట తానే నడిపే భాగం) ఉండదు కాబట్టి బ్యాకప్‌ని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో మీరే పెట్టుకోవాలి. ఇది అమ్మేవాడు చెప్పడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది. బ్యాకప్‌ని అదే బిల్డింగులో పెట్టుకుని ధీమాగా ఉండేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఒక కాపీ ఊరు దాటాలి.

ఇక డేటా మార్చేటప్పుడు వచ్చే తిప్పలు. తెలిసిన ఒక ఆఫీసులో మైగ్రేషన్‌కి వచ్చినవాళ్ళు డేటాని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీసి, అమెరికా తేదీ సెట్టింగుతో ఎక్కించేశారు. 03/04 అంటే మనకి ఏప్రిల్ 3, దానికి మార్చి 4. 13/04 అయితే ఎర్రర్ వచ్చి దొరికిపోతుంది. నెలలో మొదటి పన్నెండు రోజుల తేదీలు మాత్రం చప్పుడు చేయకుండా తారుమారవుతాయి. కంటైనర్ ఫ్రీ డేస్ (ఛార్జీ లేకుండా కంటైనర్ ఉంచుకునే రోజులు) లెక్కంతా ఆ తేదీ మీదే ఉంటుంది. లెక్క తప్పితే ఆ రోజులు దాటినందుకు పడే డిటెన్షన్ ఛార్జీలకి పార్టీతో గొడవ పడాల్సింది ఆఫీసువాళ్ళు, మైగ్రేషన్ చేసినవాడు కాదు. సున్నాతో మొదలయ్యే పాత ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) నంబర్లు ఎక్సెల్ దారిలో వస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. తెలుగులో కొట్టిన అడ్రసులు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌కార్ (ఇంగ్లీషు లాంటి లిపులకి సరిపోయే టెక్స్ట్) కాలమ్‌లోకి వెళ్తే మామూలుగా వరుసగా ప్రశ్నార్థకాలే మిగులుతాయి, అక్కడ అన్ని లిపులూ పట్టే ఎన్‌వార్‌కార్ ఉండాలి.

ఇంకొకటి. యాక్సెస్‌లో యెస్/నో కాలమ్‌లో ఖాళీ అనేది ఉండదు. దానికి బదులుగా వచ్చే ఎస్‌క్యూఎల్ సర్వర్ బిట్ (0 లేదా 1 దాచే) కాలమ్‌లో ఉండొచ్చు. అలా ఖాళీగా వదిలేస్తే, రికార్డు సేవ్ చేయబోతే ఇంకెవరో దాన్ని మార్చారని మెసేజ్ వస్తుంది, నిజానికి ఎవరూ మార్చి ఉండరు. ఎంట్రీ కొట్టే ఆవిడ తనదే తప్పనుకుని కంగారు పడతారు. ఆ కాలమ్‌కి డిఫాల్ట్ సున్నా ఇచ్చి, ఖాళీకి వీల్లేకుండా చేసి, టేబుల్‌కి ఒక రోవెర్షన్ కాలమ్ (రికార్డు మారినప్పుడల్లా తనంతట తానే మారే గుర్తు) జోడిస్తే సాధారణంగా ఆ గోల తీరుతుంది.

కొటేషన్ మీద సంతకం పెట్టేముందు ఓనర్లు రెండు షరతులు రాయించుకోండి. ఒకటి, నెలాఖరు బిల్లింగు పాత ఫైల్లోనూ కొత్త డేటాబేస్‌లోనూ నడిపి, పార్టీల వారీగా మొత్తాలు రూపాయితో సహా కలిశాకే పాతది ఆపాలి. రెండు, అవి కలిశాయని సంతకం పెట్టేది ఆ ఎంట్రీలు కొట్టే మనిషే అయి ఉండాలి.