తెలియక చేసింది కాదు

మొన్న ఇక్కడ అమెరికాలో ఉగాది వేడుకలయ్యాక హాలు సర్దుతూ ఇద్దరు కుర్రాళ్లు వాదనకు దిగారు. ఒకడు ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాడు, ఇంకొకడు దేవుడి మాటెత్తితే నవ్వేవాడు. "దేవుడు లేకపోతే ఏది మంచో ఏది చెడో నీకెలా తెలుస్తుంది?" అని మొదటివాడు. "అంటే నరకం భయం లేకపోతే దొంగతనం చేసేస్తావా నువ్వు?" అని రెండోవాడు. కుర్చీలన్నీ మడిచి పేర్చేశారు గానీ వాదన ఉన్నచోటే ఉంది.

నాకిది కొత్త కాదు. విజయవాడ పటమటలో మా మావయ్య ఇంటి వరండాలో ముప్పయ్యేళ్లుగా వింటున్నదే. కాకపోతే అక్కడ ఇంతకంటే బాగా జరుగుతుంది.

మావయ్య కాలేజీ రోజుల నుంచీ నాస్తిక కేంద్రం మీటింగులకు వెళ్లిన మనిషి. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో విజయవాడకు తెచ్చిన కేంద్రం అది. మావయ్య స్నేహితుణ్ణి మేమంతా మాస్టారూ అని పిలుస్తాం. గుంటూరు వాస్తవ్యులు, మూడు తరాల లూథరన్ క్రైస్తవ కుటుంబం. నెలకోసారి బస్సెక్కి వస్తారు. పెసరట్టు తిని, టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, "ఏవయ్యా, ఈ నెలైనా దేవుడు పుట్టాడా మీ ఇంట్లో?" అంటారు. అక్కడితో మొదలు.

మన కుర్రాళ్లు కొట్టుకున్న ప్రశ్నే తప్పు ప్రశ్న అని నా అభిప్రాయం. ముఖ్యంగా చర్చికి వెళ్లే కుర్రాడు ఆ ప్రశ్న అడక్కూడదు. రోమీయులకు పౌలు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో ఏముందో వాడికి తెలిసే ఉండాలి. ధర్మశాస్త్రం అందని అన్యజనుల గుండెల్లోనూ దాని సారం రాసే ఉందని, వాళ్ల మనస్సాక్షే సాక్ష్యం చెబుతుందని కదా పౌలు అన్నది. అలాంటప్పుడు నాస్తికుణ్ణి పట్టుకుని "నీకెలా తెలుసు" అనడమేమిటి? మాస్టారు ఈ ప్రశ్న ఎప్పుడూ వేయరు. "వీడికి తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా చేస్తున్నామే, నా గొడవంతా అక్కడ" అంటారు.

మావయ్య దగ్గర కోతుల కథొకటి ఉంది. 2003లో వచ్చిన పరిశోధన. రెండు కాపుచిన్ కోతులకు ఒకే పని ఇచ్చి, ఒకదానికి దోసకాయ ముక్క, పక్కదానికి ద్రాక్షపండు పెడితే దోసకాయ కోతి పని మానేసింది, ముక్క తీసుకోనంది. "చూశారా మాస్టారూ, న్యాయం అన్నది చర్చిలో పుట్టలేదు, చెట్టు మీదే పుట్టింది" అని మావయ్య ధీమా. మాస్టారు టీ ఊదుకుంటూ, "తనకి తక్కువొచ్చిందని కోతికి కోపమొచ్చింది, బాగానే ఉంది. మరి ద్రాక్ష తిన్న కోతి ఏమన్నా అడిగిందా, వాడికెందుకు పెట్టలేదని?" అన్నారు. మావయ్య నవ్వేశాడు. నాకు మాత్రం ఆ ద్రాక్ష కోతి ఇంకా గుర్తుంది. ఇక్కడ గ్రీన్‌కార్డులు చేతికొచ్చాక మనం మాట్లాడే తీరు చూస్తే మరీను.

పాపం అన్న తెలుగు మాట కూడా ఈ వాదనని చెడగొడుతోంది. మన చెవికి పాపమంటే లెక్క. పుణ్యం జమ, పాపం ఖర్చు, చిట్టా చిత్రగుప్తుడి దగ్గర. పాస్టర్ గారు "మనమందరం పాపులం" అనగానే, నా చిట్టా చూడకుండానే నన్ను తిడతాడేమిటి అని మనవాడికి మండుతుంది. ఆయన మాట్లాడేది చిట్టా గురించి కాదు, మనిషి ఉన్న స్థితి గురించి. కొత్త నిబంధన గ్రీకులో దీనికి వాడిన హమార్తియా అన్న మాటకు మొదటి అర్థం గురి తప్పడం. మనకు ఇంకో వాడుక కూడా ఉంది కదా, ఎవరైనా కింద పడితే "అయ్యో పాపం" అంటాం. తెలుగువాడు ఒకే మాటతో తప్పూ పడతాడు, జాలీ పడతాడు.

ఈ మాట గుంటూరు సీమలో ఎవరి చెవిన ఎలా పడిందో కూడా చూడాలి. 1842లో హేయర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆ మతంలోకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లే. అప్పటిదాకా వాళ్లకు చెప్పింది ఒక్కటే: ఏ జన్మలో చేసుకున్న పాపమో, ఇక్కడ పుట్టారు. పాపం వాళ్లది, పుణ్యం ఊళ్లోవాళ్లది. అలాంటిచోట ఎవరో వచ్చి అందరూ పాపం చేశారు అన్నాడు. అందరూ అంటే కరణం కూడా, మునసబు కూడా. "మా తాతకి ఆ మాట తిట్టులా వినపడలేదు. జరిగి పక్కన చోటిచ్చినట్టు వినపడింది" అన్నారు మాస్టారు ఒకసారి. మావయ్య ఊరుకుంటాడా? "ఇచ్చారు లెండి చోటు. మీ చర్చిల్లో పెళ్లి సంబంధాలు ఏం చూసి కుదురుతున్నాయో?" అన్నాడు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మాస్టారు గ్లాసు అడుగున మిగిలిన టీ వంక చూస్తారు.

పుట్టుకతో పాపం అన్నదాని మీద మావయ్య అస్త్రం స్టువర్టుపురం. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఫలానా కులంలో పుడితే చాలు, అనుమానితుడే, హాజరు వేయించుకోవాల్సిందే. బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను ఉంచడానికి పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం, నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. 1952లో ఆ చట్టం పోయినా ఊరి మీద ముద్ర పోలేదు. అక్కడ దొంగతనాలు మానిపించి బతుకుతెరువు చూపడానికి తర్వాత పూనుకున్నవాళ్లలో గోరా గారి అబ్బాయి లవణం, ఆయన భార్య హేమలత ఉన్నారు. ఆవిడ ఎవరి కూతురనుకున్నారు? క్రైస్తవ కుటుంబంలో పుట్టిన వినుకొండ కవి జాషువా గారి కూతురు.

"పుట్టుకతో పాపి అన్న మీ సిద్ధాంతమే చట్టమైతే ఇలా ఉంటుంది" అని మావయ్య. ఇక్కడ మావయ్య లెక్క తప్పాడని నాకనిపిస్తుంది. ఆ చట్టం అందరూ అనలేదు, కొందరు అంది. కొందరే పాపులు అన్నచోట లాఠీ మొదలవుతుంది. అలాగని ఊయల్లో పిల్లని చూపించి పాపి అంటే నేనూ ఒప్పుకోను. ఆదాము తప్పుకు పసివాడు దోషి అన్న మాట మీద క్రైస్తవ శాఖలే ఏకమాట మీద లేవు.

ఇంత దూరం వచ్చాక నా సంగతి చెప్పకపోతే దొంగ వేషం అవుతుంది. అమ్మ మంచాన పడ్డ ఏడాది నేను రెండుసార్లు టికెట్ వెనక్కి జరిపాను. ఆఫీసులో రిలీజ్ టెన్షన్ అని చెప్పుకున్నాను. మూడో టికెట్ తేదీకి తొమ్మిది రోజుల ముందు అమ్మ పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ "ఇంత తొందరగా అవుతుందని తెలియలేదండీ" అని చెప్పాను. మావయ్య ఫోన్లో "ఒరేయ్, వచ్చెయ్" అని చెప్పాడు. అంత స్పష్టంగా చెప్పాడు.

కర్మకాండలైన వారం తర్వాత అదే వరండాలో మాస్టారు, "తెలియక రాలేదనుకుంటే హాయిగా ఉంటుంది నాయనా. కానీ తెలుసు కదూ" అన్నారు. మావయ్య ఇంకా కటువు. పోయింది ఆయన అక్క. "క్షమించడానికి పైన ఎవడూ లేడురా. క్షమించాల్సిన మనిషి లేదు. మొయ్యి, అంతే" అన్నాడు. నేను మాస్టారి మీదకి తిరిగాను. అమ్మకు నేను చేసినదాన్ని మధ్యలో దేవుడెలా మాఫీ చేస్తాడండీ అని. ఆయన బైబిల్లోని జక్కయ్య సంగతి చెప్పారు. పన్నుల పేరుతో జనాన్ని పీడించినవాడు, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. "తిరిగివ్వడానికి మనిషే లేకపోతే?" అన్నాను. "అక్కడ నాకూ కష్టమే" అన్నారు మాస్టారు.

కాసేపయ్యాక మావయ్యే అన్నాడు, పనిమనిషి కూతురికి ఫీజు అక్కే కట్టేది, ఈ ఏడాది ఇంకా కట్టలేదు అని. దాన్ని ప్రాయశ్చిత్తమనాలా బాధ్యతనాలా అని ఇద్దరూ బస్సొచ్చేదాకా పోట్లాడుకున్నారు. నేను ఫీజు పంపుతున్నాను. బరువు తగ్గిందా అంటే లేదు.

వచ్చే ఆదివారం ఆ కుర్రాళ్లిద్దరినీ మా ఇంటికి టీకి పిలిచాను. దేవుడున్నాడా లేడా అన్నది తర్వాత చూద్దాం, ముందు తెలిసీ చేసిందొకటి చెప్పండి అని అడుగుదామనుకుంటున్నాను. ఇద్దరూ బిగదీసుకుని కూర్చుంటే టికెట్ల సంగతి నేనే మొదలుపెడతాను.