సూర్యాపేట ఇంకెంత దూరమండీ?

నిరుడు వేసవిలో బండి మీది పానీపూరీ తిని మూడు రోజులు విరేచనాలతో మంచం పట్టాను. కారణమైన సూక్ష్మజీవి ఏదో గాని అది తన దారిన తాను పోయింది. దానిని తరమడానికి పేగు గోడలో మోహరించిన సహజ రోగనిరోధక సైన్యం మాత్రం నేటికీ డేరాలు ఎత్తలేదు. పరీక్షలన్నీ నార్మల్ అని తేల్చిన వైద్యుడు దీనిని ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు ఊరికే చిరాకుపడే జబ్బు) అన్నాడు. "అన్నీ నార్మలైతే ఇక రోగమేమిటండీ?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఈ సైన్యంలో మాస్ట్ కణాలని కొన్ని ఉన్నాయి. గుళికలతో ఉబ్బి ఉన్న వీటిని చూసి, ఇవి బాగా మేసినవని తలచి, 1878లో జర్మనీకి చెందిన శాస్త్రవేత్త పాల్ ఎర్లిఖ్ ఆ పేరు పెట్టాడు; జర్మన్‌లో 'మాస్ట్' అంటే మేపి బలిపించడం. పాపం, అవి మేసినవి కావు, కక్కడానికి సిద్ధంగా ఉన్నవి. వాటిలోని హిస్టమిన్, ట్రిప్టేజ్ వంటి రసాయనాలు పక్కనున్న నాడులను రెచ్చగొడితే, మామూలు గ్యాసు కదలిక కూడా కత్తిపోటులా తోస్తుంది. పేగుకు ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు తిన్న ఆహారాన్ని కూడా శరీరం శత్రువుల జాబితాలో చేర్చుకోగలదని బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు 2021లో ఎలుకలలో చూపారు. ఎలుకకు జరిగినదే నాకూ జరిగిందని వాదించను గాని, ఆ మూడు రోజులూ మా ఆవిడ నాకు పెట్టినవి బ్రెడ్డు, పాలు.

మొన్న విజయవాడలో పెళ్ళికి బయలుదేరుతూ, హైదరాబాదు బస్టాండులో రెండు పూరీలు తిని, చిక్కని కాఫీ తాగి బస్సెక్కడం నా స్వయంకృతం. చౌటుప్పల్ దాటేసరికి కడుపులో గుసగుసలు, నార్కెట్‌పల్లి దగ్గర నినాదాలు, నకిరేకల్ వచ్చేసరికి తిరుగుబాటు. ముచ్చటగా మూడోసారి లేచి వెళ్ళిన నన్ను చూసి, "ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి సార్" అని కండక్టరు సానుభూతితో అన్నాడు. సూర్యాపేటలో బస్సు పూర్తిగా ఆగక ముందే దిగి, ఏనాడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తాను.

తిరిగి వచ్చి చెమట తుడుచుకుంటుంటే, పక్క సీటులోని పెద్దావిడ జాలిపడి సంచీ విప్పింది. "ఖాళీ కడుపుకు ఇలాగే ఉంటుంది నాయనా, రెండు బిస్కెట్లు తిను." ప్యాకెట్టు మీద గోధుమ కంకి, పాలగ్లాసు బొమ్మలు ముచ్చటగా మెరుస్తున్నాయి. విజయవాడ ఇంకా చాలా దూరం ఉంది.