ఏకాగ్రత కాదు నాయనా, గతిలేనితనం

ఈ ఉదయం మా మేనల్లుడు పాలకొల్లు నుంచి వచ్చి, పెసరట్టు తింటూ, ఒక్క విండో తప్ప మరేదీ తెరవనివ్వని కొత్త ఆప్‌ను ల్యాప్‌టాప్‌లో చూపించి, "మావయ్యా, మీ డాస్ కాలమే నయం, ఒకసారికి ఒకటే పని, ఎంత ఏకాగ్రతో!" అన్నాడు. అలా అంటున్నంతసేపూ ఆ ఆప్ వెనక పాట మోగుతూనే ఉంది, వాట్సాప్ టింగుమంటూనే ఉంది.

ఏకాగ్రతట! 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌లో (విండోస్‌కు ముందు కంప్యూటరును నడిపించిన ఆపరేటింగ్ సిస్టం లెండి) ఒక ప్రోగ్రాంను పిలిస్తే యంత్రమంతా దానికే దఖలు పడేది. అది ముగిసి పగ్గాలు తిరిగి అప్పగిస్తే సరి, లేకుంటే రీస్టార్టే గతి. ఆ ప్రోగ్రాం దారి తప్పి సాక్షాత్తూ డాస్ ఉన్న చోటనే రాసేసినా అడ్డుకునే గట్టు లేదు. ఆ పీసీలోని 8088 ప్రాసెసరులో అటువంటి రక్షణ లేదన్న మాట ఒప్పుకుంటాను. కానీ 1982లో వచ్చిన 286 ప్రాసెసరులో ఉంది కదా, డాస్ దాన్ని వాడుకున్నదా? ఉన్న 1 ఎంబీ మెమరీ పరిధిలో 384 కేబీ వీడియోకూ, యంత్రాన్ని మొదట నిద్రలేపే బయోస్ వంటివాటికీ పోగా మిగిలిన 640 కేబీలోనే మేమందరం సర్దుకోవాలి. మెమరీలో నక్కి, మీట నొక్కగానే లేచే సైడ్‌కిక్ వంటి చిన్న ప్రోగ్రాంలు వచ్చాయి గానీ, డాస్ ఒక పనిలో ఉండగా మళ్ళీ దాన్నే పిలిస్తే తబ్బిబ్బయ్యేది కనుక, అవి దాని తీరిక కనిపెట్టుకుని ఉండవలసి వచ్చేది.

1992లో నేను తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసేవాడిని. దాళ్వా ధాన్యం దిగుతున్న రోజు, డాట్ మేట్రిక్స్ ప్రింటరు పద్దులన్నీ కొడుతుండగా, ఒక రైతు గుమ్మంలో నిలబడి తనకు ఇంకెంత రావాలని అడిగాడు. చూడాలంటే ప్రింటు ఆపాలి. ఆపితే మళ్ళీ మొదటి పేజీ నుంచే. (డాస్‌లో ప్రింట్ కమాండ్ ఉండేది కదా అని లేవకండి, అది వెనకాల ముద్రించేది డిస్కులోని ఫైళ్ళనే, మా లెక్కల ప్రోగ్రాం నేరుగా ప్రింటరుకే పంపేది.) యజమాని వచ్చి, అందరిముందూ, ఈ డబ్బా కంటే పాత గుమాస్తాగారి చిట్టా నయమన్నారు. డబ్బాను అని ఊరుకున్నా బాగుండేది, నాకు కంప్యూటరే రాదన్నారు. రూపకల్పనలోని లోపం ఎక్కడో అమెరికాలో, తిట్లు మాత్రం తణుకులో!

మొన్న పెనుగొండలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఆయన పక్క విస్తరి వారికి నన్ను చూపించి, "రైతును గంటసేపు గుమ్మంలో నిలబెట్టిన కంప్యూటరు గుమాస్తా వీడే" అని పరిచయం చేశారు.