సాక్ష్యం చెప్పాలంటే క్రియాటినిన్ తగ్గాలా?

ముందే చెప్తున్నాను, ఇది పొడుగు పోస్ట్. చర్చికి వెళ్లేవాళ్లకి కోపం రావచ్చు, వెళ్లనివాళ్లకీ రావచ్చు. ఇద్దరూ నన్ను ఎన్నాళ్లుగానో ఒకే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి జవాబు కూడా ఒకేచోట రాసేస్తున్నాను.

ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు నవ్వుతూ అంటారు: "ఏటి బావా, అందులో సేరితే మీకేటిచ్చినారేటి?" వెనకాలే బియ్యం బస్తా కోసం మతం మారారన్న జోకు ఎలాగూ వస్తుంది. ఆదివారం చర్చికి వెళ్తే మైకు పట్టుకున్న బ్రదర్ చెమటలు కక్కుతూ అడిగేదీ అదే: "ప్రభువు నీకేం చేశాడు? లేచి సాక్ష్యం చెప్పు!" అక్కడ వెటకారం, ఇక్కడ హుషారు. లోపలి లెక్క మాత్రం ఒక్కటే. దేవుడి దగ్గరికి వెళ్లినవాడికి ఏదో ఒకటి ముట్టాలి, ముట్టకపోతే వెళ్లడమే దండగ.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సోంపేట వైపు. ఉద్దానం అంటే బయటివాళ్లకి కొబ్బరి, జీడి గుర్తొస్తాయి. మాకు కిడ్నీ జబ్బు, డయాలసిస్ గుర్తొస్తాయి. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో చుట్టాల ఇంటికి వెళ్లినా కుశల ప్రశ్నల్లో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతుందో అడగడం మాకు అలవాటైపోయింది. మా చిన్నమ్మది కూడా అదే కథ. వారానికి మూడుసార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. మంచినీళ్లు కొలుచుకుని తాగాలి. కొబ్బరితోటలో పుట్టి, కొబ్బరితోటలోనే కోడలై వచ్చిన మనిషి, కొబ్బరినీళ్లు ముట్టకూడదు. అందులో పొటాషియం ఎక్కువ కదా, డాక్టరు గట్టిగా చెప్పారు. జబ్బుకంటే ఆ ఒక్క మాటకే ఆవిడ ఎక్కువ బాధపడింది.

ఇప్పుడు ఆ మనిషిని సాక్ష్యాల టైమ్‌లో ఊహించుకోండి. ఒకరికి వీసా వచ్చింది, చప్పట్లు. ఒకరి అబ్బాయికి సచివాలయంలో ఉద్యోగం, చప్పట్లు. ఒకావిడకి స్కానింగ్‌లో గడ్డ కనపడలేదు, కీబోర్డు అబ్బాయి మ్యూజిక్ కూడా వేస్తాడు. మంచిదే, వాళ్ల సంతోషం మీద నాకేం కడుపుమంట లేదు. కానీ చిన్నమ్మ చేయెత్తితే మైకు ఆ వరుస దాకా రాదు. అడిగితే "ఆవిడ సాక్ష్యం ఇంకా పూర్తి అవలేదు కదా బ్రదర్" అంటారు. అంటే క్రియాటినిన్ తగ్గాక రమ్మనా? తగ్గకుండానే పోతే సాక్ష్యం లేకుండా పోయినట్టా?

ఇంకో పెద్దమనిషి వచ్చాడు, స్వస్థత కూటాలకి. పేరెందుకులెండి. చిన్నమ్మ తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "ఈ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందమ్మా" అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లోనే భోజనం. కూర్చోగానే జేబులోంచి షుగర్ మాత్ర తీసి వేసుకున్నాడు. చిన్నమ్మ చూసింది, అన్నం వడ్డించింది, ఒక్క మాట అనలేదు. నాకే ఆగలేదు గానీ ఆవిడ కళ్లతోనే ఆపేసింది.

ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, దేశవిదేశాల నుంచి డాక్టర్లు వచ్చి చూశారు. ఇదీ కారణం అని ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. వాళ్లకి తేలనిది ఈయనకి రెండు నిమిషాల్లో తేలిపోయింది! యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే కదా: ఎవరు పాపం చేస్తే వీడు ఇలా పుట్టాడు, వీడా, వీడి కన్నవాళ్లా? వీడూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు. ఆ మాట మీద ప్రసంగం విన్నవాళ్లమే మళ్లీ ఇంటింటికీ వెళ్లి పాపం ఎక్కడుందా అని వెతుకుతున్నాం.

నాకు బైబిల్ చదివించింది మా నాన్న. ఏ అధ్యాయాన్నీ సగంలో ఆపనిచ్చేవాడు కాదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం, విశ్వాసవీరుల లిస్టు, అందరికీ ఇష్టమే. సింహాల నోళ్లు మూయించినవాళ్లు, కత్తివాత నుంచి తప్పించుకున్నవాళ్లు. కూటాల్లో అక్కడిదాకా చదివి "ఆమేన్ చెప్పండి" అంటారు. ఇంకో మూడు వచనాలు చదివితే కత్తివాత పడి చచ్చిపోయినవాళ్లు కూడా అదే లిస్టులో ఉన్నారు. తప్పించుకున్నవాళ్లకి ఎక్కువ విశ్వాసం, చచ్చిపోయినవాళ్లకి తక్కువ విశ్వాసం అని అక్కడ ఎవరూ రాయలేదు. పౌలు తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, నా కృప నీకు చాలు అని జవాబొచ్చింది. అపొస్తలుడికే అలా అయితే మా చిన్నమ్మని నిలదీయడం ఏం న్యాయం? ఇంకా చెప్పాలంటే 88వ కీర్తన ఉంది. మిగతా కీర్తనలు ఎంత ఏడ్చినా చివరికి స్తుతితో ముగుస్తాయి అనుకుంటాం. అది మాత్రం మొరతో మొదలై చీకటితోనే ఆగిపోతుంది, నావాళ్లందరూ దూరమయ్యారు, చీకటే నాకు చుట్టమైంది అంటాడు ఆ రాసినాయన. దాన్ని ఎవరూ "పూర్తి కాని సాక్ష్యం" అని బైబిల్లోంచి తీసేయలేదు.

తిత్లీ తుపాను వచ్చింది, 2018 అక్టోబరు 11. తెల్లారేసరికి తోటలన్నీ నేలమట్టం. తాతలు నాటిన కొబ్బరిచెట్లు. ఆ తర్వాత ఒక ప్రార్థనలో విన్నాను, "విశ్వాసుల ఇళ్లకి ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం" అని. ఆ ప్రార్థన చేసినాయన మా తోట చూడలేదు. మా పక్కతోట అమ్మవారికి మొక్కే ఇంటివాళ్లది, మాది చర్చికి వెళ్లే ఇంటివాళ్లది, రెండు తోటల చెట్లూ ఒకే దిక్కుకి పడ్డాయి. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకేలా వాన కురిపిస్తాడని కొండమీది ప్రసంగంలోనే ఉంది. చెట్లు కోసి దారి చేసుకోవడానికి రెండిళ్ల మగాళ్లూ ఒకే రంపం వాడారు.

అయితే మరి ఏమొచ్చింది? టీ కొట్టు బావకి కూడా ఇక్కడి నుంచే జవాబు.

ముందు పోయింది చెప్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీ మనిషి బాప్తిస్మం తీసుకుని కాగితం మీద క్రిస్టియన్ అని రాయించుకుంటే మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లోని సీ గుంపు, అంటే బీసీ-సీ అవుతాడు, రిజర్వేషన్ ఒక్క శాతం. వీధి మారదు, ఊళ్లో చూసే చూపు మారదు, సర్టిఫికెట్ మాత్రం మారుతుంది. అందుకే సంఘం రిజిస్టర్లో ఒక పేరు, స్కూలు రికార్డులో ఇంకో పేరుతో బతికేవాళ్లు ఎంతమందో. దాన్ని మోసం అని తిట్టేవాళ్లు ఉన్నారు. తిట్టండి. కానీ లాభం కోసమే వెళ్లారన్న వాదన మాత్రం ఈ లెక్క దగ్గర నిలబడదు. డబ్బు చూపించి, భయం చూపించి మనుషుల్ని లాగేవాళ్లు అసలు లేరని నేను అనను, ఉన్నారు, వాళ్ల వల్లే ఈ జోకులు మేం పడుతున్నాం.

1805లో లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగారు. తర్వాత కెనడా బాప్టిస్టులు సోంపేట, బొబ్బిలి వైపు వచ్చారు. దొరలు రావడం, వాళ్ల వెనక ఏ రాజ్యం ఉందన్నదీ వేరే పోస్టుకి సరిపోయే గొడవ. సోంపేట కళ్లాసుపత్రిని మాత్రం వదిలేయలేను. బెన్ గల్లిసన్ అనే కెనడా డాక్టరు అక్కడ పేదలకి కంటి ఆపరేషన్లు చేసేవాడు. ఆయన పనికి సాయంగా 1963లో కాల్గరీలో మొదలైనదే ఈనాటి ఆపరేషన్ ఐసైట్ సంస్థ. మా వైపు ముసలివాళ్లు ఇప్పటికీ ఆ ఆసుపత్రి పేరు గౌరవంగా తలుచుకుంటారు, వాళ్లలో చర్చి గడప తొక్కనివాళ్లే ఎక్కువ.

మా తాత చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది కంటికోసమూ కాదు, బియ్యం కోసమూ కాదు. నాన్న చెప్పేవాడు: ఊళ్లో తాతని వయసులో చిన్నవాడు కూడా "ఒరే" అనేవాడట. చర్చిలో మాత్రం పేరు పెట్టి, చివర "గారు" చేర్చి పిలిచారు. ప్రభురాత్రి భోజనం రోజున అందరూ తాగిన గిన్నెలోంచే ఆయనా తాగాడు. మీకు అది చిన్న విషయంగా కనపడితే మీరెప్పుడూ టీ కొట్టు బయట వేరే గ్లాసులో తాగలేదని అర్థం.

ఆ గిన్నె ఇప్పుడు కూడా అలాగే ఉందా అంటే, లేదు, కొన్నిచోట్ల లేదు. చర్చిలోకీ కులం వచ్చి కూర్చుంది. పెళ్లి సంబంధం దగ్గర "మనవాళ్లేనా?" అనే మాట ముందు అడిగేది సంఘపెద్దలే. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్ల దగ్గర చోటు ఇవ్వొద్దని యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో అంత స్పష్టంగా ఉన్నా, ముందు వరుస సోఫాలు ఎవరికో మనందరికీ తెలుసు.

అయినా నేను మానలేదు, చిన్నమ్మా మానలేదు. ఎందుకు అంటే చెప్పడానికి గొప్ప కథేమీ లేదు. పాస్టరమ్మ మంగళవారం వస్తుంది. వస్తూనే ప్రార్థన మొదలుపెట్టదు, గిన్నెలు తోముతుంది. యూత్‌లో ఒక కుర్రాడు ఆటో నడుపుతాడు, డయాలసిస్‌కి తీసుకెళ్లి, ఆ నాలుగు గంటలూ బయట చెట్టు కింద పడుకుని, తిరిగి తీసుకొస్తాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు అక్కలు కూలి పోగొట్టుకుని వంతులేసుకుని తోడెళ్తారు. ఒంటరివాళ్లని దేవుడు సంసారంలో పెడతాడని 68వ కీర్తనలో ఉంటుంది. బాబాయి పోయాక చిన్నమ్మకి ఆ సంసారం ఇలా దొరికింది. దేవుడు తనని మరచిపోలేదని ఆవిడ నమ్ముతుంది, ఆ నమ్మకానికి రుజువు అడిగితే రిపోర్టు చూపించదు, ఈ మనుషుల్ని చూపిస్తుంది.

నిరీక్షణ ఆత్మకి లంగరు లాంటిది అంటుంది హెబ్రీ పత్రిక. మా బారువ తీరంలో ఏ జాలరిని అడిగినా చెప్తాడు, లంగరు వేసినంత మాత్రాన అలలు ఆగవు, పడవ ఊగుతూనే ఉంటుంది, కొట్టుకుపోదు అంతే. అలలు ఆగిపోయాయని చెప్పేవాళ్లకే మనం మైకు ఇస్తున్నాం.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అక్కడికి వెళ్లడం అవిశ్వాసం అని చెప్పే ప్రసంగీకులు ఇంకా ఉన్నారు. వాళ్ల మాట విని డయాలసిస్ మానేయొద్దు, దండం పెట్టి చెప్తున్నాను. ప్రార్థన చేసుకుని వెళ్లండి, వచ్చాక మళ్లీ ప్రార్థన చేసుకోండి.

ఈ మధ్య మా చర్చికి కొత్త పాస్టరు గారొచ్చారు. కుర్రాయన. ఒక ఆదివారం తనే మైకు తీసుకుని చిన్నమ్మ దగ్గరికి నడిచాడు. ఆవిడ లేవలేకపోయింది, కూర్చునే చెప్పింది: "ఈ వారం మూడుసార్లు ఎళ్లొచ్చినాను. ఒక్కసారి కూడా ఒక్కర్తినే ఎల్లలేదు. ప్రభువుకి వందనాలు." కీబోర్డు అబ్బాయికి ఏం వాయించాలో తెలీక ఊరుకున్నాడు. వెనక వరుసలోంచి ఇంకో పేషెంటు చేయెత్తాడు, ఆయన పక్కనే ఇంకొకావిడ. ఆరోజు ప్రసంగం పావుగంటకి కుదించేశారు.

టీ కొట్టు బావకి ఇది జవాబుగా సరిపోతుందో లేదో నాకు తెలీదు. సరిపోకపోతే ఒక రోజు ఆటోలో మాతో రమ్మంటున్నాను, సీటు ఖాళీ ఉంది.

చర్చివాళ్లకి మాత్రం పని చెప్తాను. ఈ పోస్ట్ కింద "ఆమేన్" కామెంట్లు వద్దు. కవిటి వైపు నుంచి సోంపేటకి గురువారం పొద్దున డయాలసిస్ షిఫ్టుకి వెళ్లే ఇద్దరికి బండి లేదు. ఒకరు మన సంఘం, ఒకరు కాదు. ఆటో ఉన్నవాళ్లు, డీజిల్ ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి.