స్కానరన్న రైల్వే బులెటిన్

నల్లగొండ పోయే బండి రామన్నపేటలో ఆగిందంటే చాలు, మా బోగీలో ఒకాయన సంచిలోంచి రైల్వేవాళ్ల రేడియో మాటలు వినే స్కానర్ తీస్తాడు. చూడ్డానికి వాకీటాకీలాగే ఉంటుంది గానీ దాంట్లో వినడమే, మాట్లాడరాదు. ఆ లోటు ఆయన నోరే తీరుస్తుంది. (లైసెన్సు సంగతి నేనడగలేదు, మీరూ అడగకండి.)

మొన్న అందులో గరగరమంటూ "మిషన్ ఇంకా సెక్షన్‌లోనే ఉంది, బ్లాక్ క్లియర్ కాలే" అని వినబడింది. అన్న కళ్లు మూసుకుని, వేలు పైకెత్తి, "ఇంజన్ ఖరాబైంది" అని తేల్చేశాడు. పై బెర్తు పెద్దాయన "ఏ ఇంజనే?" అంటే "ముందు బండిది" అన్నాడు. రెండు సీట్లు దాటేసరికి ముందు బండి పట్టాలు తప్పింది. తలుపు దగ్గరికి పోయేసరికి చిట్యాలలో ధర్నా మొదలైంది, కలెక్టర్ కూడా వచ్చేశాడు. ఒకామె ఇంటికి ఫోన్ చేసి, నాకు అన్నం వండకండని చెప్పేసింది.

జరిగింది ఇంతే. సింగిల్ లైను మీద బ్లాక్ ఇచ్చారంటే కాసేపు బండ్లు ఆపి లైనును పనివాళ్లకు అప్పగించారని. సెక్షన్ అంటే రెండు స్టేషన్ల మధ్య లైను. మిషన్ అంటే ట్యాంపింగ్ మిషన్. అది పట్టాను కాస్త ఎత్తి, స్లీపర్ల కింద, అంటే పట్టాలను మోసే అడ్డ దిమ్మెల కింద, కంకర కుక్కుతుంది. అది పక్క స్టేషన్‌కు చేరేదాకా మనకు సిగ్నల్ పడదు. ఆ తర్వాత "కాషన్ 20" అని వినబడితే అక్కడ 20 కిలోమీటర్ల వేగం దాటొద్దని, డ్రైవర్‌కు నిద్రొస్తోందని కాదు.

ఇంతలో ఒకడు, "మన బండి వచ్చినప్పుడే వీళ్లకు పని గుర్తొస్తది" అన్నాడు. అందరూ తలూపారు.

మే నెల మధ్యాహ్నం ఆ పట్టా మీద చెయ్యి పెట్టి చూడు నాయనా. ఎండకు సాగి ఎక్కడ వంకర తిరుగుతుందోనని ఆ వేళకే గస్తీ, చలికి ఎక్కడ విరుగుతుందోనని రాత్రిపూట గస్తీ. రోజూ పట్టాలు చూసుకునే కీమన్ సుత్తి, స్పానర్, జెండాలు మోసుకుంటూ, పట్టాను పట్టి ఉంచే క్లిప్పు క్లిప్పూ చూస్తూ తన వంతు లైనంతా ఒక్కడే నడుస్తాడు. జడ్చర్ల వైపులాగా డబుల్ లైనైతే ఒక బండి మోతలో రెండో బండి రావడం వినబడదు, మనిషి మిగలడు. పట్టాల పనిచేసే గ్యాంగ్‌మన్‌ను ట్రాక్ మెయింటెయినర్ అని పిలవడం మాత్రం నేర్చుకున్నాం, మహా గొప్ప! బండి వస్తోందని ముందే మోగే రక్షక్ పెట్టె ఉంది, అదీ రేడియోతోనే పనిచేస్తుంది. అది ప్రతి కీమన్ చేతిలో ఎందుకు లేదో ఏ బోగీలోనూ ఎవడూ అడగడు. చార్జింగ్ ప్లగ్ పనిచేయట్లేదని మంత్రిని ట్యాగ్ చేస్తారు కదా, అదే చేత్తో ఇదొక్కటీ అడిగి చావండి.