మహారాజశ్రీ ప్లాటినం ట్రిమ్ గారికి, మీ తలుపు తీసి చూసినవాళ్లు వ్రాయు విన్నపం

మహారాజశ్రీ ఫోర్డ్ ఎఫ్-150 ప్లాటినం ట్రిమ్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల, ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ దాకా ఏ డ్రైవ్‌వేలో చూసినా తమరు ఒంటిమీద గీత పడకుండా, వెనక తొట్టిలో దుమ్ము చేరకుండా క్షేమంగా కనబడుతున్నారు. సంతోషం. ఎఫ్-150 అనే పికప్ ట్రక్కులో హంగులను బట్టి రకాలున్నాయి, వాటినే ట్రిమ్ అంటారు; తమరు ఖరీదైన రకం, తమరి తమ్ముడు ఎక్స్ఎల్ అన్నిటికన్నా చవక రకం. ఆ తమ్ముడు కూడా సంతకం పెట్టాల్సిన ఉత్తరమే ఇది. కానీ ఆయన పొద్దున్న ఆరింటికే నిచ్చెనలు, పైపులు, సిమెంటు బస్తాలు ఎక్కించుకుని పనికి వెళ్లిపోయాడు. ఆయన తరఫున మేమే రాస్తున్నాం.

ముందు బంధుత్వం తేల్చుకుందాం. 2021 నుంచి 2023 దాకా వచ్చిన మోడల్ సంగతే మాట్లాడుకుందాం, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ లాట్లలో మీరిద్దరూ పక్కపక్కనే నిలబడుతున్నారు కాబట్టి. ఇద్దరిదీ ఒకే తల్లి కడుపు. అదే ఉక్కు ఛాసిస్, 2015 నుంచి వస్తున్న అదే అల్యూమినియం బాడీ, అదే పది గేర్ల ఆటోమేటిక్. ఎక్స్ఎల్‌కు పుట్టుకతో వచ్చేది 290 హార్స్‌పవర్ల 3.3 లీటర్ల వీ6 ఇంజన్, తమరికి 400 హార్స్‌పవర్ల 5.0 లీటర్ల వీ8. అయితే ఆర్డరు షీటులో గడి టిక్కు పెడితే అదే వీ8 ఎక్స్ఎల్‌కూ వేసిచ్చేవారు. టర్బో 3.5 కావాలన్నా ఇచ్చేవారు, ఇంటికి కరెంటిచ్చే హైబ్రిడ్ కావాలన్నా ఇచ్చేవారు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నప్పుడు, లాట్‌లో ఉన్న హైబ్రిడ్ ఎఫ్-150లను కరెంటు కోసం జనానికి ఇవ్వండని ఫోర్డ్ తన డీలర్లను కోరింది. ఫ్రిజ్ నడవడానికి కరెంటు కావాలి గానీ గ్రిల్లు మీద క్రోమ్ అక్కర్లేదు కదా.

మరి దాదాపు రెట్టింపు ధర దేనికి? కొత్తల్లుడికి మర్యాదలు ఎక్కువ, పని తక్కువ అన్నది మనవాళ్లకు తెలిసిన లెక్కే. తమరి విషయంలో ఆ లెక్కను కంపెనీవాళ్లే స్టిక్కరు వేసి మరీ అంటించారు.

డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపూ తెలుపూ కలిసిన కాగితం ఒకటి ఉంటుంది. మనుషులూ సరుకూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. పేలోడ్ అంటే అదే. టీవీ ప్రకటనలో వినబడేది కాదు, బ్రోచర్లో ఉన్నదీ కాదు, ఆ ఒక్క బండికి తూకం ప్రకారం వేసిన అంకె. ఈ మోడల్‌కు ఫోర్డ్ ఊరూవాడా చాటిన గరిష్ఠ పేలోడ్ 3,325 పౌండ్లు. అది ఒంటి వరస సీట్ల క్యాబ్, ఎనిమిదడుగుల తొట్టి, వీ8, హెవీ డ్యూటీ పేలోడ్ ప్యాకేజీ ఉన్న బండికి వచ్చేది. అంటే తమ్ముడి కష్టం. ఆ అంకె చెప్పుకుని షోరూంలో మీసం తిప్పేది మాత్రం తమరు. తమరి తలుపు తీస్తే 1,400 పౌండ్ల చుట్టుపక్కల అంకెలు కనబడటం మామూలే. మన లెక్కలో 635 కిలోలు.

తేడా ఎక్కడికి పోయింది? బండి, మనుషులు, సరుకు అన్నీ కలిపి దాటకూడని మొత్తం బరువు ఒకటుంటుంది. దాన్నే జీవీడబ్ల్యూఆర్ అంటారు. నాలుగు తలుపుల ఎఫ్-150లకు అది చాలావాటిలో 7,000 పౌండ్ల చుట్టూ తిరుగుతుంది. ట్రిమ్ పెరిగిందని అది పెరగదు. కాబట్టి గాజు పైకప్పు, దిగివచ్చే మెట్లు, వాటి మోటార్లు, నడుము పిసికే సీట్లు, 20 అంగుళాల చక్రాలు, ప్రతి వస్తువూ ఆ 7,000లోంచే తన బరువును కోసుకుంటుంది. మిగిలిందే సరుకుకు. కొన్నాక డీలరు వేసే తొట్టి మూత, లోపలి డ్రాయర్లు కూడా అందులోంచే పోతాయి, అవి స్టిక్కరు మీద కనబడవు కూడా.

ఇప్పుడొక లెక్క. 1,400 పౌండ్ల స్టిక్కరు. నలుగురు పెద్దవాళ్లు, మనిషికి 170 పౌండ్లు, డ్రైవరు కూడా ఇందులోనే. 680 పోయింది. వెనక 6,000 పౌండ్ల ట్రైలరు తగిలించారు. ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బంతి మీద, అంటే ట్రైలరును బండికి తగిలించే ఇనుప బంతి మీద, నేరుగా దిగాలి, ట్రైలరు తిన్నగా నడవాలంటే అది తప్పదు. 12 శాతం వేసుకుంటే 720. 680కి 720 కలిపితే 1,400. మిగిలింది సున్న. ఆవకాయ జాడీకి చోటు లేదు. బరువును ముందు చక్రాలకు పంచే హిచ్ వాడితే ఆ ఇనుమే 75 నుంచి 100 పౌండ్లు ఉంటుంది, అదీ లెక్కలోకే. ఆ హిచ్ వాడకపోతే, బండి వెనక హిచ్ దూర్చే రిసీవరు మీది స్టిక్కరు 5,000 పౌండ్ల ట్రైలరు దగ్గరే ఆపేస్తుంది. ఎటూ ఇరుకే.

ఇక 14,000 పౌండ్లు లాగుతామన్న ప్రకటన. 14,000కి కనీసం 10 శాతం చూసినా 1,400. స్టిక్కరు మొత్తం అక్కడికే సరి. అంటే ట్రైలరు లాగవచ్చు గానీ డ్రైవరు పక్కనే నడిచి రావాలి.

ఇలాంటప్పుడు జనం చేసే పొరపాటు ఒకటుంది, నవ్వులాటకు కాదు, నిజంగానే హెచ్చరిస్తున్నాం. బండి వెనక్కి కుంగింది కదా అని ట్రైలరులో సరుకును వెనక్కి జరుపుతారు. బంతి మీద బరువు తగ్గి బండి తిన్నగా నిలబడినట్టు కనబడుతుంది. హైవే వేగంలో పక్కనుంచి పెద్ద లారీ ఒకటి గాలి కొట్టుకుంటూ పోతే ఆ ట్రైలరు పాములా ఊగడం మొదలెడుతుంది, ఆ ఊపుతో బండినీ తిప్పేస్తుంది. సరుకులో ఎక్కువ బరువు ట్రైలరు ఇరుసుకు ముందే ఉండాలి. అనుమానముంటే ట్రక్ స్టాపులో క్యాట్ స్కేలు అనే తూకం యంత్రం ఎక్కించి ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలరు మూడూ విడివిడిగా తూయించుకోవాలి. ఆ చీటీకి క్రోమ్ కనబడదు.

తొట్టి సంగతికి వద్దాం. లాట్‌లో తమరు ఎక్కువగా 5.5 అడుగుల తొట్టితోనే దొరుకుతారు. లోపలి పొడవు 67.1 అంగుళాలు. హోం డిపోలో ప్లైవుడ్ షీటు 96 అంగుళాలు. తోక తలుపు దించి పెట్టినా, ఎర్రగుడ్డ కట్టినా, 29 అంగుళాలు తొట్టి దాటి ఉంటుంది. తమ్ముడి ఎనిమిదడుగుల తొట్టి 97.6 అంగుళాలు, షీటు వేసి తలుపు మూసుకుని పోవచ్చు. వెడల్పులో ఇద్దరూ సమానమే, చక్రాల గూళ్ల మధ్య 50.6 అంగుళాలు, 48 అంగుళాల షీటు నేలమీద పరుచుకుంటుంది. అన్నట్టు ఈ పొడవు అమెరికా పన్నుల శాఖకూ పట్టింపే. వ్యాపారం పేర బండి కొని సెక్షన్ 179 కింద ఒకేసారి ఖర్చు రాసుకునేవాళ్లకు, 6,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ దాటిన బండి తొట్టి లోపలి పొడవు ఆరడుగులు లేకపోతే ఆ ఖర్చుకు ఎస్‌యూవీలకు పెట్టిన పరిమితి తగులుతుంది. 2024కు అది 30,500 డాలర్లు. మిగతాదానికి బోనస్ తరుగుదల దారి వేరే ఉందిలెండి, అది అకౌంటెంటు చూసుకుంటాడు. పన్నుల శాఖ దృష్టిలో పొట్టి తొట్టి ఉన్న తమరు పూర్తి పికప్ కానే కారు, అంతే మా మనవి. కన్సల్టింగ్ ఎల్ఎల్‌సీ పేర తమరిని కొని లాప్‌టాప్ సంచి ఒక్కటే మోయిస్తున్నవారు గమనించగలరు.

చక్రాలు. నాలుగు చక్రాలూ లాగే ఎక్స్ఎల్‌కు 265/70 ఆర్17 వేస్తారు. టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు, అందులో 70 శాతం అంటే టైరు గోడ ఎత్తు 185 మిల్లీమీటర్లు. తమరి 20 అంగుళాల చక్రానికి వేసే 275/60 సైజులో 165. ఆ 20 మిల్లీమీటర్ల రబ్బరే గుంతలో దెబ్బను మింగేది. అది తగ్గితే దెబ్బ రిమ్ముకు తగులుతుంది. ఉక్కు రిమ్ము సొట్టపోతే పనికి పోవచ్చు, మెరుగు పెట్టిన అల్యూమినియం రిమ్ము పగిలితే ఆ రోజు కూలి పోయినట్టే.

గాజు పైకప్పుకు మూలల్లో నీళ్లు పోయే సన్న గొట్టాలుంటాయి. ఆకులు, పుప్పొడి చేరి మూసుకుంటే నీళ్లు పైకప్పు గుడ్డలోకి, అక్కడినుంచి ముందు స్తంభం వెంట కాళ్ల దగ్గరికి దిగుతాయి. కార్పెట్ తడిసి వాసన వచ్చేదాకా తెలియదు. ఏడాదికి రెండుసార్లు కప్పు తెరిచి గాడిలో గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి, కింద బొట్లు పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే గడ్డి కోసే యంత్రంలో వాడే నైలాన్ తీగను మెల్లగా దూర్చాలి. కంప్రెసర్ గాలి కొడితే గొట్టం అతుకు దగ్గర ఊడిపోతుంది, అప్పుడు చిన్న రోగం పెద్దదవుతుంది. డాలస్ వడగళ్లకు మీ ఇద్దరి అల్యూమినియం రేకూ ఒకలాగే సొట్టలు పడుతుంది, ఉక్కంత తేలిగ్గా తిరిగి తన రూపానికి రాదు. తమరికి అదనంగా నెత్తిన గాజు.

తలుపు తీయగానే కిందికి దిగే మెట్ల కీళ్లలో బురద, ఉత్తరాది రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు చేరి బిగుసుకుంటాయి. మోటారు లాగలేక మూలుగుతుంది. కీళ్లు నీళ్లతో కడిగి ఆరనిచ్చి సిలికాన్ స్ప్రే కొట్టాలి. గ్రీజు పూస్తే ఇసుకను పిలిచి కూర్చోబెట్టినట్టే. వెనక లైటుదీ ఇదే వరస. పక్క వరసలో బండి వస్తోందని చెప్పే రాడారును ఆ లైటు డబ్బాలోనే పెట్టారు. రివర్సులో పోస్టుపెట్టె స్తంభానికి తగిలితే లైటొక్కటే కాదు, రాడారు కూడా మార్చి ప్రోగ్రాం చేయించాలి, బిల్లు వెయ్యి డాలర్లు దాటడం వింత కాదు. రాడారు తీసుకోని ఎక్స్ఎల్ అయితే బల్బు, ప్లాస్టిక్ గాజు, రెండు బోల్టులు.

సీట్ల గురించి చెప్పాలంటే మనవాళ్ల వంటల గురించి చెప్పాలి. తమరి తోలు సీట్లకు గాలి రావడానికి వేలకొద్దీ సన్న చిల్లులు. అందులో సాంబారు గిన్నె ఒలికితే పులుసు చిల్లుల్లోంచి స్పాంజిలోకి, ఫ్యాను దగ్గరికి. తర్వాత వేసవంతా ఫ్యాను ఇంగువ వాసనే విసురుతుంది. సబ్బునీళ్లు సీటు మీద నేరుగా కొట్టకండి, గుడ్డ మీద కొట్టి తుడవండి. తోలు నూనె కూడా గుడ్డకే, లేకపోతే చిల్లులు పూడిపోతాయి. లేత రంగు తోలు మీద పసుపు మరక పడితే దాని సంగతి మరిచిపోవచ్చు. ఎక్స్ఎల్‌లో వినైల్ సీటు, రబ్బరు నేల. తడిగుడ్డ చాలు. పైపుతో మాత్రం కడగకూడదు, సీట్ల కింద వైర్లున్నాయి.

అలాగని తమరిది అంతా పటాటోపమే అంటే అన్యాయం. ఆగస్టులో 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో పార్కింగులోంచి తీసిన బండిలో, కింద చల్లగాలి వచ్చే సీటు విలువ నడుముకు తెలుస్తుంది. ఎక్స్ఎల్ వినైల్ అప్పుడు దోసె పెనమే. రోజుకు రెండొందల మైళ్లు హైవే మీద తిరిగేవాడికి ముందు బండిని చూసి వేగం సర్దుకునే క్రూయిజ్, నిశ్శబ్దం, నడుము సర్దుకునే సీటు దండగ కాదు. ఆ ఉద్యోగానికి తమరు తగినవారే. ఆ ఉద్యోగానికి పికప్ ఎందుకన్నదొక్కటే మాకు అర్థంకాలేదు.

దానికీ ఒక పాత కథ ఉంది. అమెరికా కోళ్ల మీద యూరప్ పన్ను వేసిందని కోపం వచ్చి 1964లో అమెరికా విదేశీ చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేసింది. కోళ్ల గొడవ ఎప్పుడో చల్లారింది, ట్రక్కుల పన్ను చల్లారలేదు. బయటినుంచి పోటీ లేని ఆ కోటలో దేశీ పికప్ ఏటేటా బలిసి, చివరికి తమరి అవతారం ఎత్తింది. కోడి పుంజుకు పట్టు కుచ్చు కట్టినట్టు.

తమ్ముడిని కొనేవాళ్లకూ ఒక మాట. మరీ బోడిగా తీసుకోకండి. ఒంటి వరస క్యాబ్ అడుగు రకంలో కిటికీ అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, క్రూయిజ్ ఉండదు. అద్దాల మోటార్లు, తాళాలు, క్రూయిజ్ ఉన్న 101ఏ ప్యాకేజీ చూడండి. మిగిలిన డబ్బు కంటికి కనబడని చోట పెట్టండి: వెనక లాకింగ్ ఇరుసు, టో ప్యాకేజీ, డ్యాష్‌లోనే బిగించిన ట్రైలరు బ్రేక్ కంట్రోలరు, తొట్టికి స్ప్రే లైనరు. బ్రేక్ కంట్రోలరు తర్వాత వేయించుకుంటే మోకాలికి తగిలే డబ్బా ఒకటి వేలాడుతుంది. ఇవన్నీ వేసినా తమరి ధర దరిదాపుల్లోకి రాదు.

కావున మా విన్నపం ఏమనగా, ఇకమీదట ఏ విందులోనైనా బండి ఎంత లాగుతుందన్న మాట వస్తే, దయచేసి తలుపు తీసి ఆ కాగితం చూపించి మాట్లాడగలరు.

చిత్తగించవలెను,
ఎక్స్ఎల్ పక్షాన.

తా.క.: తమరి చక్రాల నట్లు ఒకసారి చూసుకోండి. లోపల ఉక్కు, పైన మెరుపు రేకు టోపీ ఉన్న రెండు ముక్కల నట్లయితే మధ్యలో తడి చేరి తుప్పు ఉబ్బుతుంది. అప్పుడు 21 సైజు సాకెట్ ఎక్కదు, సుత్తితో కొడితే టోపీ చిరుగుతుంది. ఒకే ముక్క నట్లు వేయించి 150 ఫుట్-పౌండ్లకు బిగించండి. పంక్చరు పడి రోడ్డు పక్కన ఆగిపోతే తమ్ముడికి ఫోన్ చేయండి, 22 సాకెట్ ఆయన తొట్టిలోనే ఉంటుంది.