మోటార్ సంగతి తర్వాత, ముందు బ్రేకులు చూపించు

నేను సొంతంగా మోటార్, బ్యాటరీ బిగించి తయారుచేసిన ఎలక్ట్రిక్ సైకిల్ ఫోటో పెట్టిన దగ్గర్నుంచీ ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "బ్రో, ఎన్ని వాట్లు?" దాని వెనకే ఇంకోటి, "టాప్ స్పీడ్ ఎంత?" ఇంతే. ఇది ఆగుతుందా, ఆగితే ఎంత దూరంలో ఆగుతుంది అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఎవరైనా అడుగుతారేమోనని నెల రోజులు చూశాను, ఇక నేనే చెప్పేస్తున్నా.

ముందు ఆ వాట్ల ముచ్చట తీర్చేస్తాను. బ్యాటరీ 72 వోల్టులు, మోటార్‌కి ఎంత కరెంట్ పోవాలో చూసే పెట్టె, అంటే కంట్రోలర్, 40 ఆంపియర్లు, గుణిస్తే 2,880 వాట్లు. ఇందులో నా గొప్పేముంది? పెద్ద కంట్రోలర్ తెచ్చి మూడు లావు వైర్లు కలిపితే ఎవరికైనా వస్తుంది ఆ పవర్. ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్ 1895లోనే వెనక చక్రం మధ్యలో మోటార్ పెట్టి పేటెంట్ తీసుకున్నాడు, 10 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్ల దాకా లాగే మోటార్, అంటే కాగితం మీద వెయ్యి వాట్లు. మన తాతల తాతల కాలం నాటి సంగతి. మామూలు మనిషి తీరిగ్గా తొక్కితే వచ్చేది ఓ వంద వాట్లు. అంటే నా సైకిల్‌ని ముప్పై మంది ఒకేసారి తొక్కుతున్నట్టు. ఫ్రేమ్ చేసినవాళ్ళు ఒక్క మనిషిని దృష్టిలో పెట్టుకుని చేశారు, ఈ ముప్పై మంది వస్తారని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

అది నాకు ఎలా తెలిసిందంటే, మొదటి ఫ్రేమ్ విరిగాక తెలిసింది. అల్యూమినియం ఫ్రేమ్, తేలిగ్గా ఉంది, చూడ్డానికి బాగుంది. హబ్ మోటార్ (చక్రం మధ్యలో ఉండే మోటార్) బిగించి, నట్లు నా బలమంతా పెట్టి తిప్పి, ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి థ్రాటిల్ తిప్పాను. టక్‌మని ఒక శబ్దం. చక్రం ముందుకు వెళ్ళాల్సింది పోయి ఇరుసు వెనక్కి తిరిగింది. ఇరుసు కూర్చునే గాడి నోరు తెరుచుకుంది, ఇరుసు లోపల్నుంచి వచ్చే వైర్లు మెలిపడి తెగాయి, అవి ఒకదానికొకటి తగిలి కంట్రోలర్ పొగ కక్కింది. మూడు వారాల పని మూడు సెకన్లలో అయిపోయింది.

తర్వాత కూర్చుని లెక్కేశాను, ఆ లెక్క ముందు వేసి ఉంటే ఎంత బాగుండేది. ఇలాంటి మోటార్ నిలబడ్డ చోటు నుంచి లాగేటప్పుడు 100 న్యూటన్ మీటర్ల టార్క్ (అంటే తిప్పే బలం) తేలిగ్గా దాటుతుంది. చక్రాన్ని ముందుకు ఎంత తిప్పితే ఇరుసుని వెనక్కి అంతే తిప్పుతుంది. ఆ ఇరుసు తిరక్కుండా ఆపేది దాని రెండు పక్కలా చెక్కిన చదును భాగం, వెడల్పు 10 మిల్లీమీటర్లు. ఆ కాస్త అంచు మీద పడే ఒత్తిడి సుమారుగా ఒక టన్ను బరువుతో సమానం. అల్యూమినియం ఏం ఆపుతుంది పాపం? అందుకే టార్క్ ఆర్మ్ అని ఒక ఉక్కు పట్టీ వేస్తారు, ఒక కొస ఇరుసుకి, రెండో కొస ఫ్రేమ్‌కి. రీజెన్ బ్రేకింగ్ (మోటార్‌తోనే బ్రేకు వేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) వాడితే ఇరుసు ముందుకీ వెనక్కీ ఊగి నట్లు వదులవుతాయి కాబట్టి రెండు వైపులా వేయాలి. ఇది మొత్తం సామానులో చవకైన ముక్క, జనం దీని దగ్గరే పిసినారితనం చూపిస్తారు, ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు. నేనూ ఆ బాపతే, ఒప్పుకుంటున్నా. ఇప్పుడున్నది పాత ఉక్కు ఫ్రేమ్, బరువే, మొత్తం సైకిల్ ముప్పై కిలోలు దాటింది, అయినా ఫర్వాలేదు.

స్పీడ్ విషయానికొస్తే, గాలి మనకి మొహమాటం పడదు. స్పీడ్ రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ ఎనిమిది రెట్లు. 25 కిలోమీటర్ల స్పీడ్‌కి రెండొందల వాట్లు సరిపోతాయి, 50కి వెయ్యి పైమాటే. నా బ్యాటరీ 1,440 వాట్ అవర్లు. నెమ్మదిగా పోతే నూట యాభై కిలోమీటర్ల దాకా వస్తుంది, 50లో పోతే యాభై అయిదు వస్తే గొప్ప. సరే అది డబ్బుల గొడవ, ఛార్జ్ చేసుకుంటాం. కానీ 50లో బ్రేకుల మీద పడే శక్తి 25తో పోలిస్తే నాలుగు రెట్లు. బ్రేకులు ఎంత గట్టివైనా, చూసి తేరుకోవడానికి ఒక సెకను వేసుకున్నా, 25లో పది పన్నెండు మీటర్లలో ఆగే సైకిల్ 50లో ముప్పై మీటర్లు పోతుంది. రిమ్ముని పట్టుకునే రబ్బరు ముక్కలతో ఈ పని అవుతుందా? ముందు చక్రానికి 203 మిల్లీమీటర్ల డిస్కు, హైడ్రాలిక్ బ్రేకు వేశాను, ఆ సైజు డిస్కు తట్టుకునే ఫోర్కు కూడా వేశాను. బ్రేక్ పట్టగానే మోటార్ ఆగిపోయే స్విచ్ లివర్‌లోనే ఉండాలి.

ఆ స్విచ్ ఎందుకని నవ్వినవాళ్ళకి ఇంకో మాట. థ్రాటిల్‌కి మూడు వైర్లు ఉంటాయి. అందులో నల్లది, అంటే గ్రౌండ్ వైరు, తెగితే సిగ్నల్ పైకి ఎగిరిపోతుంది, మీరు థ్రాటిల్ పూర్తిగా తిప్పారని కంట్రోలర్ అనుకోవచ్చు. మంచి కంట్రోలర్ అయితే తేడా పట్టేసి ఆపుతుంది. నాసిరకంది అయితే మిమ్మల్ని తీసుకుని పోతుంది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వంగే వైరు అది, ఎప్పుడు తెగుతుందో ఎవరికి తెలుసు.

ఇక బ్యాటరీ. అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

వంద సెల్స్, 21700 సైజువి, వరసకి అయిదు చొప్పున ఇరవై వరసలు. ఫుల్ ఛార్జ్‌లో 84 వోల్టులు. డీసీ 60 వోల్టులు దాటితే ప్రమాదకరం కింద లెక్క, కాబట్టి "బ్యాటరీయే కదా" అని ఉంగరాలూ గొలుసులూ వేసుకుని ముట్టుకోకండి. సెల్‌లో జనానికి తెలియని సంగతి ఏంటంటే, పైన ఆ బొడిపె ఒక్కటే ప్లస్, దాని చుట్టూ ఉన్న అంచుతో సహా డబ్బా మొత్తం మైనస్. మధ్యలో ఉన్నది పల్చటి ప్లాస్టిక్ తొడుగు, అంతే. పైన కాగితం రింగు వేయకుండా సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ వెల్డ్ చేస్తే అది ఎప్పుడో ఒక రోజు గోతుల్లో ఎగిరి ఎగిరి ఆ తొడుగుని కోసేస్తుంది. నికెల్ పట్టీల్లోనూ మోసం ఉంది, పైన నికెల్ పూత, లోపల ఇనుము. గ్రైండర్‌కి ఆనిస్తే నిప్పురవ్వలు బాగా రాలాయంటే ఇనుమే. అసలు నికెల్ అయినా 8 మిల్లీమీటర్ల వెడల్పు, 0.15 మందం పట్టీ మీద అయిదారు ఆంపియర్లు దాటితే వేడెక్కడం మొదలవుతుంది, నా ప్యాక్‌లో సెల్‌కి ఎనిమిది ఆంపియర్లు పడతాయి. అందుకే రెండు పొరలు వేశాను.

నన్ను బాగా మండించేది వేరే ఉంది. బీఎంఎస్ అంటే బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్, తేడా వస్తే కరెంట్ ఆపేస్తుంది. "బీఎంఎస్ కట్ అవుతోంది బ్రో, ఏం చేయాలి" అని ఒకరు అడుగుతారు, "బైపాస్ చేసెయ్ బ్రో" అని పది మంది చెప్తారు, వాళ్ళకి లైకులు కూడా. బీఎంఎస్ కట్ చేస్తోందంటే ఏదో ఒక వరసలో ఛార్జ్ పడిపోయిందనో, తట్టుకునేదానికన్నా ఎక్కువ లాగుతున్నావనో చెప్తోంది. దాని నోరు నొక్కేస్తే ఆ బలహీనమైన వరస అడుగంటిపోతుంది, లోపల రాగి కరిగి, మళ్ళీ ఛార్జ్ పెట్టినప్పుడు అదే రాగి లోపల్లోపల షార్ట్ చేస్తుంది. ఆ మంట నీళ్ళు చల్లితే పోయేది కాదు, ఒక సెల్ పక్క సెల్‌ని అంటిస్తుంది, అలా వంద సెల్స్. ఫ్యూజ్ కూడా చూసి వేయండయ్యా, కార్లలో వాడే చిన్న ఫ్యూజులు ఎక్కువగా 32 వోల్టులవి, 84 దగ్గర కాలిపోయినా లోపల మెరుపు సాగుతూనే ఉండొచ్చు.

నేను ప్యాక్ పూర్తి చేసి మురిసిపోతూ నాన్నకి చూపించాను. వోల్టులు, వాట్లు, స్పీడ్ అన్నీ చెప్పాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు, "రాత్రి ఇది ఎక్కడ ఛార్జ్ పెడతావురా?" నా దగ్గర సమాధానం లేదు. నేను పడుకునే గదిలో, మంచం పక్కన పెడదామనుకున్నా మరి. ఆ రోజు నుంచి ఛార్జింగ్ బయటే, పగలే, నేను మెలకువగా ఉన్నప్పుడే. ఇప్పుడెవరైనా మొదటి సైకిల్ చేస్తున్నామంటే నా మాట ఇది: మోటార్ మీరు బిగించండి, వైరింగ్ మీరు చేయండి, బ్యాటరీ మాత్రం తయారుగా ఉన్నది కొనండి. పిరికితనం అంటారా, అనుకోండి.

చట్టం సంగతి రెండు ముక్కలు. యూరప్‌లో 250 వాట్లు, 25 కిలోమీటర్లు, అదీ తొక్కితేనే. అమెరికా ఫెడరల్ లెక్కలో 750 వాట్ల లోపు, మోటార్ ఒక్కదాని మీద గంటకి 20 మైళ్ళ లోపు. నాది ఏ లెక్కన చూసినా సైకిల్ కాదు, మోటార్ బండి. మోటార్ మీద 250 అని స్టిక్కర్ అంటించి రోడ్డెక్కేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే రేపు ఎవరినైనా గుద్దితే ఆ స్టిక్కర్ మాట్లాడదు. నేను పూర్తి పవర్ పెట్టేది ఖాళీ స్థలంలోనే, అదీ హెల్మెట్ పెట్టుకుని.

ఇప్పుడు కంట్రోలర్‌లో కరెంట్ 20 ఆంపియర్లకి తగ్గించాను. సగం పవర్. నిజం చెప్పాలంటే ఎత్తు ఎక్కడానికి ఇదే ఎక్కువ, మోటార్ కూడా చేయి పెట్టేంత చల్లగా ఉంటోంది. మొన్న మా తమ్ముడు నేను లేనప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి మళ్ళీ 40 పెట్టేశాడు. నేను 20కి మార్చి పాస్‌వర్డ్ పెట్టాను. రెండు రోజుల్నుంచి వాడు నాతో మాట్లాడట్లేదు.